పరనామరచన – కర్తృత్వవిచారము

ధనము గొని యొకఁడు గ్రంథమును రచించుటయు, ధనమిచ్చినవాఁడు దానిని తన పేర వెలయించుకొనుటయు లోకమునఁ గల వ్యవహారమే. రాజులు రచించినవని చెప్పఁబడు కృతులను విమర్శించునపుడెల్ల మన వాఙ్మయచరిత్రకారులు ఈ సంశయమును ముందునకుఁ దెచ్చుచు వచ్చిరి. "రాజునకు రాజ్యభారముండఁగాఁ గావ్యరచనకు అవకాశమెక్కడిది? ఆస్థానకవి యెవ్వఁడో వ్రాసి యిచ్చియుండును" అను మాట మనకుఁ గ్రొత్తది గాదు. ఆ మాట యొక్కొక్కచో నిజమును గావచ్చును. కాని దానిని నిరూపించుటకు వలయు సాక్ష్యమెట్టిదో తేల్చుకొనకయే వాదములు పెరిగినవి. ఆ సాక్ష్యస్వరూపమును విచారించుటకే యీ వ్యాసము.

మన కావ్యసంప్రదాయమునఁ గృతికర్త, కృతిభర్త యను రెండు పదములు గలవు. రచించినవాఁడు కర్త; అంకితము గొన్నవాఁడు భర్త. భర్త కర్తకు అగ్రహారములను, ఆభరణములను ఇచ్చును. కర్త భర్తకు వంశవర్ణనతోఁ గూడిన కీర్తి నిచ్చును. ఇరువురి పేర్లును గ్రంథమున నిలుచును గావున నీ వ్యవహారమున దాఁపఱికము లేదు. ధనమిచ్చినవాఁడు భర్తృత్వముతోఁ దృప్తినొందక కర్తృత్వమును గూడఁ గోరినపుడే మూఁడవవాఁడొకఁడు పుట్టును. వానిని ఈ వ్యాసమున 'మఱుఁగుకవి' యందము.

ఈ విచారము వట్టి వినోదము గాదు. మఱుఁగుకవి యున్నచో నతనికి న్యాయముగ రావలసిన పేరు శతాబ్దములుగా వేఱొకనికిఁ జెల్లుచున్నది. అట్టివాఁడు లేనిచో, తాను వ్రాసిన గ్రంథమునకే తాను కర్త గాఁడను నింద యొక కవికి మరణానంతరము అంటుచున్నది. రెండును అన్యాయములే. కావున నిందు తొందర తగదు.

పేరు దాఁపని పరరచన

పరుల కొఱకు వ్రాయుట యెల్ల దాఁపఱికము గాదని మొదట గుర్తింపవలయును. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున శాసనాధికారమను ప్రకరణమునందు రాజు పక్షమున లేఖలు రచించు లేఖకుని లక్షణములను విధించెను. అతఁడు అమాత్యగుణములు గలవాఁడు, సమయాచారము లెఱిఁగినవాఁడు, శీఘ్రముగఁ గూర్పఁగలవాఁడు, అందమైన దస్తూరి గలవాఁడు కావలయును. రాజు చెప్పినదానిని ఏకాగ్రచిత్తముతో విని, నిశ్చితార్థముగ వ్రాయవలయును. లేఖకు అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అను నాఱు గుణములు చెప్పఁబడినవి. ఆజ్ఞ రాజుది, వాక్యము లేఖకునిది. ఇది యెల్లర కెఱుకయైన విషయమే గావున మోసమను మాటకుఁ దావులేదు.

తెలుఁగుదేశమున నీ పద్ధతికి మేలైన నిదర్శనము 1053 నాఁటి నందంపూఁడి శాసనము. రాజరాజనరేంద్రుఁడు నారాయణభట్టునకు నందంపూఁడి గ్రామమును దానమిచ్చుట యిందలి విషయము. దానమిచ్చినవాఁడు రాజు, దానికి శ్లోకములు గూర్చినవాఁడు నన్నయభట్టు. ఆ సంగతి శాసనముననే చెప్పఁబడినది. రాజవాక్కునకు రూపమిచ్చిన కవిపేరు రాజపత్రమునందే నిలిచినది. ఈ నారాయణభట్టే భారతరచనయందుఁ దనకుఁ దోడ్పడెనని నన్నయ తన గ్రంథారంభమునఁ గృతజ్ఞతతోఁ జెప్పికొనెను. మన యాదికావ్యమునందే సహాయకుని పేరు దాఁపక చెప్పు మర్యాద కలదని యిందువలన స్పష్టము.

ఎఱ్ఱాప్రగడ చేసిన పని యింకను విచిత్రము. అరణ్యపర్వమున శరద్వర్ణనము దాఁక నన్నయ రచించి విడువఁగా, దాదాపు మూఁడు శతాబ్దములకుఁ దరువాత నెఱ్ఱన శేషమును బూరించెను. తానా భాగమును దన కాలపు రాజున కంకితమీయక, రాజరాజనరేంద్రునకే యంకితముగా, నన్నయ రచనయే యనునట్లు నడపెను. గతించిన కవి పేర, గతించిన ప్రభువునకు వ్రాసిన రచన యిది. దీనిచేత నతఁడు ధనమును బొందలేదు. అయినను పర్వాంతమునఁ దాను బూరించిన సంగతిని చెప్పెను. పరుని వాక్కును దాల్చియు సత్యమును విడువని యుదాహరణమిది.

ఇఁక గోన బుద్ధారెడ్డి సంగతి. ద్విపద రామాయణపు టవతారికలో, తండ్రియైన విఠ్ఠలభూపతి తన పేర రామాయణమును దెనుఁగున రచింపుమని కోరఁగా బుద్ధరాజు రచించినట్లు కలదు. కాండాంతములందును అట్లే తండ్రిపేర రచించితినని చెప్పఁబడినది. ఇట 'పేర' అనునది అంకితమునకే గాని కర్తృత్వమును మార్చుటకుఁ గాదు. అటుపిమ్మట బుద్ధరాజు కుమారులైన కాచవిభుఁడును విఠ్ఠలరాజును దమ తండ్రిపేర నుత్తరరామాయణమును రచించిరి. ఒకే యింట రెండు తరములవారు తండ్రుల పేరఁ గృతులను వెలయించిరన్నమాట. ఇంత స్పష్టముగ నుండియు నా గ్రంథమునకు 'రంగనాథరామాయణ'మను పేరు రూఢమైనందున, రంగనాథుఁడను కవి ధనమునకై దానిని రచించి బుద్ధరాజున కిచ్చెనను వాడుక పుట్టినది. గ్రంథములోపల రంగనాథుఁడను కవి ప్రసక్తియే లేదు. పాండురంగఁడును విఠ్ఠలుఁడును ఒక్కరేయైనందున విఠ్ఠలుని పేరిటి గ్రంథము రంగనాథుని పేరిటిదైనదని కొందఱు పండితులు సమాధానము చెప్పిరి. ఏది యెట్లున్నను, గ్రంథస్థమైన వాక్యముకంటె గ్రంథముపైఁ బడిన పేరే బలవత్తరమై, లేని మఱుఁగుకవిని సృజించుట యిందుఁ జూడవచ్చును.

కాటయవేముఁడు కాళిదాసుని మూఁడు నాటకములకును వ్యాఖ్యలు రచించి, వానికిఁ దన ప్రభువైన కుమారగిరిరెడ్డి పేరఁ 'గుమారగిరిరాజీయ'మని నామకరణము చేసెను. పేరునుబట్టి చూచినవారు కుమారగిరియే కర్తయని భ్రమింపవచ్చును. గ్రంథమును దెఱచినవారికి నా భ్రమ యుండదు. కావునఁ బేరొకటి, కర్త వేఱొకఁడు అయిన ప్రతిచోటను వంచనను శంకింపరాదు.

యవనదేశపు వాగ్వ్యాపారము

పరులకై వ్రాయుట వృత్తిగా వర్ధిల్లిన దేశము వేఱొకటి కలదు. దానితోఁ బోల్చినచో మన సమస్య తేటపడును. క్రీస్తునకుఁ బూర్వము అయిదు, నాలుగు శతాబ్దులందు ఏథెన్సు నగరపు ధర్మసభలలో వాదిప్రతివాదులు తమ పక్షమును దామే చెప్పికొనవలసి యుండెను. మాటనేర్పు లేనివాఁడు నేర్పరికి ధనమిచ్చి యుపన్యాసమును వ్రాయించుకొని, కంఠస్థము చేసి, తన మాటగా సభయందుఁ జెప్పుచుండెను. ఇట్లు వ్రాసి యిచ్చువారిని యవనులు 'లోగోగ్రాఫు'లనిరి. ఆంటిఫను, లూసియాసు, ఈసేయుఁడు, డెమాస్తనీసు మొదలగు ప్రసిద్ధులు ఈ వృత్తి చేసినవారే.

వీరిలో లూసియాసు చరిత్రము మనకుఁ బనికివచ్చును. అతని కుటుంబము సిరక్యూసునుండి ఏథెన్సునకు వచ్చి డాలుల కర్మాగారముతో సంపన్నమైనది. క్రీ. పూ. 404 లో నధికారమునకు వచ్చిన 'ముప్పదిమంది' ప్రభువులు వారి యాస్తిని హరించి, యతని యన్న పోలిమార్కును జంపించిరి. లూసియాసు మెగారాకుఁ బాఱిపోయి, ప్రజాప్రభుత్వము మరల నెలకొన్న తరువాతఁ దిరిగివచ్చి, వ్యాజ్యములు గలవారికి నుపన్యాసములు వ్రాసి యిచ్చుచు జీవించెను. ధనికుఁడై యుండి నిర్ధనుఁడైనవాఁడు కలమును నమ్ముకొనిన విధమిది.

అతని కౌశలమంతయు వాదియొక్క స్వభావమును వాక్యమునందు నిలుపుటలో నున్నది. భార్యతో వ్యభిచరించినవానిని జంపిన యొక సామాన్యగృహస్థుని కొఱకు వ్రాసిన యుపన్యాసమున, బిడ్డ పుట్టిన తరువాత నింటిలో నెవరు క్రిందను, ఎవరు మీఁదను పరుండుచుండిరో ఆ గృహస్థుఁడే యమాయికముగఁ జెప్పినట్లుండును. దినమున కొక 'ఓబలు' చొప్పున రాజధానము పొందుచుండిన కుంటివాని కొఱకు వ్రాసినదానిలో హాస్యమును చొరవయుఁ గలసి, ఆ మనుష్యుఁడు మనయెదుట నిలువఁబడినట్లే తోఁచును. వ్రాసినవాఁడు కనఁబడకుండుటయే యీ రచనకు నలంకారము.

ఇట్లు పరులనోట వెడలిన మాటలు లూసియాసువని మన కెట్లు తెలిసెను? తీర్పు వెలువడిన పిమ్మట నా వాదికి నుపన్యాసముతోఁ బనిలేదు. అందుచేత నది రచయితకే మరలి, యతని పేరఁ బ్రతులుగా వ్యాపించినది. ప్రాచీనకాలమున లూసియాసు పేర 425 ఉపన్యాసములు చెలామణి యగుచుండఁగా, విమర్శకులు 233 మాత్రమే యతనివని తేల్చిరి. నేఁడు మిగిలినవి దాదాపు 34. ఇందును వివాదము లేకపోలేదు. కెన్నెతు డోవరు అను పండితుఁడు 1968 లోఁ బ్రకటించిన గ్రంథమున, ఈ యుపన్యాసములలో వాది పలుకెంతయో రచయిత కూర్పెంతయో వేఱుచేయుట కష్టమని, రెండును గలసిన రచనలు కావచ్చునని వాదించెను. తరువాతివారు దానిని ఖండించి, రచయిత చేయి స్పష్టమే యనిరి.

ఇందువలన నొక సూత్రము దొరకుచున్నది. వాదికి వలసినది జయము. అది యొక దినముతోఁ దీఱిపోవును. తీఱఁగానే రచన మరల రచయితది యగును. కావ్యమును గొనినవానికి వలసినది యశస్సు. యశస్సు తీఱిపోవునది గాదు. కొన్నవాఁడు గతించినను వాని వంశమువారు దానిని విడువరు. కావునఁ గావ్యవిక్రయమున రచయితకుఁ దన పేరు మరలివచ్చు మార్గమే లేదు. ఏథెన్సు వ్రాఁతగాండ్రు మన కెఱుకపడుటకును, మన మఱుఁగుకవులు వదంతులందు మాత్రమే బ్రదుకుటకును గారణమిదియే.

ధావకుని కథ

ఆ వదంతులలోఁ బ్రాచీనమైనది ధావకుని కథ. పదునొకండవ శతాబ్దికిఁ జెందిన మమ్మటుఁడు కావ్యప్రకాశమునఁ గావ్యప్రయోజనములను జెప్పుచు, కాళిదాసాదులకువలె యశస్సును, శ్రీహర్షునివలన ధావకాదులకువలె ధనమును గలుగునని యుదాహరించెను. దీనిపై వ్యాఖ్యాతలు, ధావకుఁడను కవి రత్నావళీనాటికను శ్రీహర్షుని పేర రచించి బహుధనమును బొందెనని వివరించిరి. నాఁటినుండి హర్షుఁడు పరకృతిని దన పేర వెలయించుకొనిన రాజులకు మొదటి యుదాహరణమైనాఁడు.

మమ్మటుని మాటను మాత్రము జాగ్రత్తగాఁ జదువవలయును. హర్షునివలన ధనము వచ్చెనని యతఁడు చెప్పెనే గాని, హర్షునిపేర నాటకము వ్రాసినందులకు వచ్చెనని చెప్పలేదు. ఆ రెండవమాట వ్యాఖ్యాతలది. అదియుంగాక, కొన్ని కాశ్మీరప్రతులలో 'ధావక' యనుచోట 'బాణ' యని పాఠము కలదు. మమ్మటుఁడు కాశ్మీరకుఁడు గావున నీ పాఠము నుపేక్షింపరాదు. బాణుఁడు హర్షుని యాస్థానమున సత్కారమందినవాఁడు. హర్షచరితమును దన పేరనే రచించినవాఁడు. బాణపాఠమును గ్రహించినచో నిందుఁ గావ్యవిక్రయపుఁ బ్రసక్తియే పోవును. ఆదరముగల రాజువలనఁ గవికి ధనలాభము కలిగెనను సామాన్యార్థమే మిగులును. ఒక పాఠభేదమును, ఒక వ్యాఖ్యయుఁ గలసి మఱుఁగుకవిని నిలువఁబెట్టినవి.

ఎదుటిపక్షమున నున్న సాక్ష్యము బలమైనది. రత్నావళి, ప్రియదర్శిక, నాగానందము అను మూఁడిటి ప్రస్తావనలందును హర్షునిఁ గవిగాఁ బేర్కొను శ్లోక మొక్కటే స్వల్పభేదముతో నున్నది. మూఁడును ఒక్కచేతి రచనలే యని పండితుల యభిప్రాయము. హర్షుని కవిత్వపటిమను బాణుఁడు ప్రశంసించెను. హర్షుఁడు 647 లో గతించెను. 671 లోఁ దన దేశమునుండి బయలుదేఱిన చీనాయాత్రికుఁడు ఇత్సింగు, శీలాదిత్యరాజు జీమూతవాహనుని కథను గూర్చి, సంగీతనృత్యములతో నాడించెనని వ్రాసెను. శీలాదిత్యుఁడనఁగా హర్షుఁడే, కథ నాగానందకథయే. ఈ యాత్రికునకు రాజును బొగడి పొందవలసిన ప్రయోజన మేమియు లేదు. ఎనిమిదవ శతాబ్దిలో దామోదరగుప్తుఁడును కుట్టనీమతమున రత్నావళీప్రయోగమును వర్ణించుచు దానిని రాజకృతిగనే యెఱిఁగియుండెను. ధావకుని కథకు నింతటి సమీపకాలసాక్ష్య మొక్కటియు లేదు. 628 నాఁటి బాఁస్ఖేరా తామ్రశాసనముపై హర్షుని స్వహస్తమని చెప్పఁబడిన యలంకృతలిపి కలదు. అది కవిత్వమునకు సాక్ష్యము గాకున్నను, ఆ రాజు కలము పట్టనివాఁడు గాఁడని చెప్పుటకుఁ జాలును.

క్రీడాభిరామము

తెలుఁగున నిట్టి వివాదమునకు లక్ష్యమైనది క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించిన యీ వీథి యందు మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగల్లు వీథులఁ దిరిగి చూచిన వింతలు చెప్పఁబడినవి. ప్రస్తావన వినుకొండ వల్లభరాయనిఁ గర్తగాఁ జెప్పుచున్నది. అయినను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు దీనిని శ్రీనాథుని రచనగా సమర్థించిరి. ఇందలి పద్యములను లక్షణకర్తలు శ్రీనాథుని పేర నుదాహరించుటయు, ఇందలి ధోరణి శ్రీనాథుని చాటుధోరణికి మిక్కిలి దగ్గఱగా నుండుటయు వారి ముఖ్యాధారములు.

ఈ వాదము ధావకుని కథవలె నూహామాత్రము గాదు. శ్రీనాథుఁడు రాజులకొఱకు వ్రాయుట కలవాటుపడినవాఁడు. కొండవీటిలోఁ బెదకోమటివేమారెడ్డి కడ విద్యాధికారియై శాసనశ్లోకములను గూర్చెను. ఆ వేమభూపాలుని పేర వెలసిన శృంగారదీపికయందును శ్రీనాథుని హస్తమును గొందఱు శంకించిరి. అవకాశమును నేర్పును గలవాఁడని యింతవఱకు నొప్పుకొనవచ్చును.

కాని యవకాశము సాక్ష్యము గాదు. లక్షణకర్తలు పద్యములను జ్ఞప్తినుండియు, పూర్వలక్షణగ్రంథములనుండియు గ్రహించుచుండిరి. ఒక కవి పద్యమును వేఱొక కవి పేర నుదాహరించిన పట్టులు వారి గ్రంథములందుఁ బెక్కులు. ఒక విషయమున నొక కవి ప్రసిద్ధుఁడైనచో నా జాతి పద్యములన్నియు వానివేయని లోకము తలఁచును. శ్రీనాథుని చాటువులకును, వేమనపద్యములకును బట్టిన గతి యిదియే. ఇఁక శైలిసామ్యము. ఒకే కాలమున, ఒకే ప్రాంతమున వీథినాటకపు చమత్కారమును జూపఁబూనిన యిరువురు కవులలో నట్టి సామ్యముండుట సహజము. కావున లక్షణకర్తల యుదాహరణములు శంకను గలిగించుటకుఁ జాలును గాని ప్రస్తావనలోని స్పష్టవాక్యమును ద్రోయుటకుఁ జాలవు. వల్లభరాయని పేరిట నీ యొక్క గ్రంథమే నిలిచినది. ఆ యొక్కదానిని దీసికొనుటకు ముందు మనము మిక్కిలి బలమైన ప్రమాణమును జూపవలసి యున్నది.

ఆముక్తమాల్యద

అన్నిటికంటెఁ బ్రసిద్ధమైన వివాదము ఆముక్తమాల్యదను గూర్చినది. 1509 మొదలు 1529 వఱకు రాజ్యముచేసిన కృష్ణదేవరాయలు, కళింగదండయాత్రలో విజయవాటికయందు విడిసి, శ్రీకాకుళమున నాంధ్రవిష్ణుని సేవింపఁగా, నా దేవుఁడు స్వప్నమునఁ గనఁబడి తెలుఁగునఁ గావ్యము రచింపుమని యాజ్ఞాపించెనని యవతారిక. అదివఱకు రాయలు సంస్కృతమున రచించిన మదాలసచరిత్రము, సత్యావధూప్రీణనము, సకలకథాసారసంగ్రహము, జ్ఞానచింతామణి, రసమంజరి యను కృతులను దేవుఁడే పేర్కొన్నట్లు చెప్పఁబడినది. జాంబవతీపరిణయమను సంస్కృతనాటకమును రాయల పేర నిలిచియున్నది.

ఈ కావ్యము అల్లసాని పెద్దన రచించి యిచ్చినదను వాదమునకు ముఖ్యాధారము, కృత్యాదియందలి వంశవర్ణనపద్యములు కొన్ని మనుచరిత్రమునందును నుండుట. ఈ యాధారమును దిన్నగాఁ బరిశీలింతము. వంశావళి యనునది యాస్థానపుఁ బ్రశస్తి. రాజు ముద్రికవలె నది యొక గ్రంథమునుండి యొక గ్రంథమునకును, శాసనమునుండి శాసనమునకును బోవుచుండును. ఒకే ప్రశస్తిశ్లోకములు పెక్కు శాసనములం దుండుట శాసనపరిశోధకు లెల్లరు నెఱిఁగినదే. ఆస్థానకవి చెప్పిన వంశపద్యములను రాజు దన గ్రంథమునఁ జేర్చికొన్నచో నది ప్రశస్తిని గ్రహించుటయే గాని కావ్యమును గ్రహించుట గాదు. పైఁగా, రచనను దాఁపఁగోరిన మఱుఁగుకవి తన పేరిటఁ బ్రసిద్ధమైన పద్యములనే పరుని గ్రంథపు మొగసాలలోఁ బెట్టి పట్టువడునా? ఆ పద్యములు దాఁపఱికమునకుఁ గాదు, దాఁపఱికము లేమికే సాక్ష్యము.

రెండవది శైలి. పెద్దన పద్యము నునుపైనది. సమాసము దీర్ఘమైనను వినినంతనే యర్థము పొడకట్టును. ఆముక్తమాల్యద పద్యము బిగువైనది. అన్వయము పాదములు దాఁటి మెలికలు దిరుగును. పండితునిఁ గూడ నిలిపి యాలోచింపఁజేయును. కాలువలో రెక్కలఁ దలలు దూర్చి నిదురించు బాతులను జూచి, స్నానముచేసి వెడలిన బ్రాహ్మణులు మఱచిన పిండిన వస్త్రములని కావలివారు దిగి తీయఁబోవుటవంటి పల్లెపట్టు చూపు మనుచరిత్రమున నింత విరివిగ లేదు. శైలి యొక కవియందే కాలక్రమమున మాఱవచ్చునని యాక్షేపింపవచ్చును. కాని యీ రెండు కావ్యములును నించుమించుగ నొక కాలమువే. ఒకఁడే యొక కాలమున నింత వేఱైన రెండు పద్యశిల్పములను, ఒకదానిచాయ యొకదానిపైఁ బడకుండ, గ్రంథాంతమువఱకు నడపెననుట కష్టము.

మూఁడవది విషయము. నాలుగవ యాశ్వాసమున యామునాచార్యుఁడు కుమారునకుఁ జెప్పు రాజనీతి యందు, దుర్గములను నమ్మకమైనవారి కప్పగించుట, రేవులను బెంపొందించుట, దూరద్వీపములనుండి గజాశ్వములను దెచ్చు వర్తకుల నాదరించి యవి శత్రువులకుఁ జేరకుండఁ జేయుట మొదలగునవి కలవు. ఇది నీతిశాస్త్రములను జదివి చెప్పినది మాత్రమే కాదు, రాజ్యమేలినవాని యనుభవము. దీనినిబట్టియే రాయలు కర్త యని తీర్మానింతుమా? అదియుఁ దొందరయే. లూసియాసు తన వాదుల యింటి సంగతులను వారినోటనే విని వ్రాసినట్లు, కవియు రాజునోట విని వ్రాయవచ్చును. కావున విషయమొక్కటియే చాలదు. అవతారికలోని వాక్యము, శైలిభేదము, అనుభవము – ఈ మూఁడును ఒకే దిక్కును జూపుచున్నవి గనుకనే రాయల కర్తృత్వము నిలుచుచున్నది. ఆస్థానపండితులు పద్యములను విని దిద్దియుండవచ్చును. నన్నయకు నారాయణభట్టు తోడ్పడినట్లు రాయలకుఁ బెక్కండ్రు తోడ్పడియుండవచ్చును. తోడ్పాటు కర్తృత్వమును హరింపదు.

మనుచరిత్రమే యింకొక సాక్ష్యము. అందు రాయలు పెద్దనను బిలిచి, కృతి రచింపుమని కోరి, కర్పూరతాంబూలమిచ్చి, తాను భర్తగా నుండుట కానందించెను. పెద్దనచేఁ గావ్యమును వ్రాయించుకొని తన పేరు పెట్టుకొనవలెనను బుద్ధియే యున్నచో, నా కాలపు కావ్యములలో నంత సర్వాంగసుందరమైన దానిని కవిపేరనే యేల వెలయనిచ్చును?

ప్రమాణనిర్ణయము

పై యుదాహరణములనుండి కొన్ని ప్రమాణములను గ్రహింపవచ్చును. మొదటిది, గ్రంథమే చెప్పు కర్తృవాక్యము. దానిని ద్రోయఁదలఁచినవానిదే నిరూపణభారము. రెండవది, సమీపకాలమువారిలో నిష్ప్రయోజకుని సాక్ష్యము. ఇత్సింగు మాటకుఁ గల విలువ వ్యాఖ్యాతల మాటకు లేదు. మూఁడవది, కావ్యమంతటను వ్యాపించిన భాషాశైలి. నాలుగు పద్యముల సామ్యము చాలదు. నాలుగవది విషయజ్ఞానము, ఇది తక్కినవానికిఁ దోడుగ మాత్రమే పనికివచ్చును. "వ్రాసియుండును", "వ్రాయఁగలఁడు" అను మాటలు ప్రమాణములు గావు. రాజులు కవిత్వము చెప్పలేరను నమ్మకము, పేదకవులు ధనమునకుఁ గృతుల నమ్ముదురను నమ్మకము – ఈ రెండును మనుష్యులను గూర్చిన దురభిప్రాయములే గాని చరిత్రము గావు.

ఇట్లనుటచే మఱుఁగుకవులు లేరని చెప్పుట గాదు. వారు నాఁడు నుండిరి, నేఁడును గలరు. ప్రముఖుల యుపన్యాసములను, స్వీయచరిత్రలను గూలికి వ్రాసి యిచ్చువారు లోకమున నెల్లెడల నున్నారు. వారి శ్రమ గౌరవనీయమైనదే. పూర్వకాలపు మఱుఁగుకవికి లేని రక్షణ యొకటి నేఁటివానికిఁ గలదు. 1957 నాఁటి భారతగ్రంథస్వామ్యశాసనమునందలి 57వ సెక్షను, హక్కులను విక్రయించిన పిమ్మటఁ గూడ రచన తనదని చెప్పికొను నధికారమును రచయితకు నిలిపినది. కృతి నమ్మవచ్చును గాని కర్తృత్వమును బూర్తిగా నమ్మఁజాలఁడను భావము శాసనారూఢమైనదన్నమాట.

శాసనమొక్కటియే చాలదు, సాక్ష్యము నుండవలెను. పరులకై వ్రాయువారు తమ చిత్తుప్రతులను, ఒడంబడిక పత్రములను, దిద్దుబాటులతోఁ గూడిన లేఖలను భద్రపఱుచుట తమకే గాక వాఙ్మయచరిత్రమునకును మేలు. వ్రాయించుకొనువారు నన్నయ చూపిన మార్గమునఁ దోడ్పడినవాని పేరొక్కమాఱు పీఠికయందుఁ జెప్పినచో వారి కీర్తికిఁ గొఱఁత రాదు; నారాయణభట్టును బేర్కొనుటచే నన్నయ తక్కువవాఁడు కాలేదు. తెలుఁగు రాజకవుల కృతులలో నిట్టి సంశయమునకు లోనైనవానిని ఒక్కొక్కదానినే చేపట్టి, పై ప్రమాణములతో శోధించుట యింకను మిగిలియున్న పని. పండితులు దీనికిఁ బూనుకొందురు గాక.